నొప్పి కణతలో, ముడి భుజంలో

పోయిన సంచికలో మోకాళ్ళ గురించి రాసి, చివర్లో మెడ నొప్పి, తలనొప్పి మీద ప్రశ్నలుంటే పంపమన్నాను. అన్నదే ఆలస్యం, కర్నూలు, అనంతపురం, కడప మూడు వైపుల నుంచీ వచ్చి పడ్డాయి. అందరికీ విడిగా రాయలేను కాబట్టి నలుగురికీ పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు. ఇంకో మాట, ఇది చదివి మందులు మానేయకండి, మొదలుపెట్టకండి. చేత్తో చేసుకోగలిగినవే ఇక్కడ ఎక్కువ చెప్పాను.

అక్కా, మాది ఆదోని. ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను. పెళ్ళిళ్ళ సీజనొస్తే పొద్దున ఫ్రేము ముందు కూర్చుంటే రాత్రి దాకా లేవను. ఏడాదిగా కుడి కణతలో నొప్పి, ఒక్కోసారి కన్ను వెనక పొడిచినట్టుంటుంది. కళ్ళ డాక్టరు అద్దాలు మార్చారు, తగ్గలేదు. తలకు స్కాన్ తీయించాం, ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎక్కడిది? మా ఆయన నాటకాలాడుతున్నావంటాడు. రోజూ మాత్ర వేసుకుంటేనే సూది పట్టగలుగుతున్నా.

నాటకం కాదమ్మా, మీ ఆయనకు ఈ పేజీ చూపించండి. స్కాన్‌లో ఏమీ లేదంటే తలలో గడ్డో, రక్తస్రావమో లేదని అర్థం, అంతవరకే. నొప్పి లేదని కాదు. కండ బిగుసుకుపోవడం ఆ స్కాన్‌లో కనబడదు.

ఒక పని చేయండి. ఎడమ చెయ్యి కుడి భుజం మీద వేసి, మెడ దిగి భుజంలోకి వంపు తిరిగే చోట ఉన్న కండను బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య, చపాతీ పిండి పట్టుకున్నట్టు పట్టుకోండి. మెల్లగా వేళ్ళ మధ్య దొర్లించండి. అంతా మెత్తగా ఉండి ఎక్కడో ఒక పోగు మాత్రం బిర్రుగా తగులుతుంది, ఆ పోగులోనే ఒక చోట నొక్కితే మీకు తెలీకుండానే భుజం ఎగరేస్తారు. అక్కడ ఆగండి. అదే నొక్కు వదలకుండా ఒక పది సెకన్లు చూడండి. నొప్పి మెడ పక్కగా పైకి పాకి, చెవి వెనక నుంచి కణతలోకి వచ్చి "ఇదే, నన్ను ఏడాదిగా ఏడిపిస్తున్నది ఇదే" అనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ కండ పేరు ట్రెపీజియస్, ఆ ముడిని మా ఫిజియోథెరపీలో ట్రిగర్ పాయింట్ అంటాం. కణతలో నొప్పి పుట్టించే కండల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. పాపం కణతకు అమృతాంజనం రాసీ రాసీ చర్మం మండిపోతుంది గానీ, అసలు దోషి ఒక జానెడు కింద హాయిగా కూర్చుని ఉంటుంది.

భుజంలో ముడి ఉంటే కణతలో నొప్పేంటి అంటారేమో. మెడ పైభాగం నుంచి వచ్చే మూడు జతల నరాలూ, ముఖానికీ కంటికీ కణతకీ వెళ్ళే పెద్ద నరమూ మెదడు కింది భాగంలో ఇంచుమించు ఒకే చోట కలుస్తాయి. మెడ నుంచి వచ్చిన కబురును మెదడు పొరపాటున కంటి దగ్గరిదనుకుంటుంది. గుండెపోటులో ఎడమ చెయ్యి లాగడం విన్నారు కదా, అదీ ఇలాంటి పొరపాటే.

కన్ను వెనక పొడిచినట్టు ఉండేదానికి ఇంకో చోటు కూడా వెతకండి. పుర్రె కింది అంచు, వెనక జుట్టు మొదలయ్యే దగ్గర, నడిమధ్య గుంటకు రెండు పక్కలా వేళ్ళు పెట్టి తల కొద్దిగా వెనక్కి వాల్చితే లోపల చిన్న చిన్న కండలు తగులుతాయి. పేరుకు చిన్నవే, కానీ మీరు ఫ్రేము మీదకు వంగి, గడ్డం ముందుకు చాచి, జర్దోసీ ముక్క ఎక్కడ పడుతుందో కళ్ళు చిట్లించి చూస్తున్నంతసేపూ తలను నిలబెట్టేది అవే. పెద్దవాళ్ళ తల ఐదు కిలోల దాకా తూగుతుంది. నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువు ఎముకల మీద పడుతుంది, వంచితే కండల మీద. 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం దాదాపు 27 కిలోలని న్యూయార్క్ వెన్నెముక సర్జన్ ఒకాయన 2014లో లెక్కగట్టాడు. ఫోన్ చూసేవాళ్ళ కోసం కట్టిన లెక్కే గానీ మగ్గం వర్క్ చేసేవాళ్ళ వంపు దానికేం తీసిపోదు.

ఇక చేసుకునే పద్ధతి. ముందు పది నిమిషాలు కాపడం పెట్టుకోండి, వేడినీళ్ళలో ముంచి పిండిన టవలైనా చాలు, ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఉప్పు మూట కట్టిస్తారు, అదీ మంచిదే. తర్వాత కుర్చీలో కూర్చుని కుడి మోచేతి కింద దిండు పెట్టుకోండి. చెయ్యి వేలాడుతుంటే భుజం కండ వదులు కాదు, వదులు కాని కండను నొక్కి లాభం లేదు. ముడి దొరికాక మెల్లగా నొక్కుతూ పోండి, భరించలేని నొప్పిని పది అనుకుంటే మీ నొప్పి నాలుగు, ఐదు దగ్గర ఆగిపోవాలి. అక్కడ వేలు కదపకుండా అర నిమిషం నుంచి నిమిషం దాకా ఉంచండి. ఊపిరి బిగబట్టకండి. కాసేపటికి అదే నొక్కుకి నొప్పి తగ్గుతుంది, వేలి కింద ఏదో కరిగినట్టు తెలుస్తుంది. తగ్గితే ఇంకాస్త నొక్కండి. తగ్గకపోతే వదిలేసి పక్కన చూడండి. రెండు మూడుసార్లు చాలు. అయ్యాక కుడి చేత్తో కుర్చీ అంచు పట్టుకుని తలను ఎడమ భుజం వైపు మెల్లగా వాల్చి, కుడి పక్క సాగినట్టు తెలిసేదాకా ఉంచండి. నొక్కి ఊరుకుంటే ముడి మళ్ళీ బిగుస్తుంది, సాగదీయడం దానికి జత. పుర్రె కింది కండలకైతే ఇంకా తేలిక, వెల్లకిలా పడుకుని రెండు చేతుల వేళ్ళూ ఆ అంచు కింద పెట్టి తలను వాటి మీద వదిలేయండి. తల బరువే నొక్కుతుంది, మీరేం చేయక్కర్లేదు. రోజుకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు. మర్నాడు కాస్త సలుపుగా ఉండొచ్చు, కంగారు పడకండి. వాత తేలితే మాత్రం మీరు ఎక్కువ నొక్కారు.

ఇంత చేసినా ఫ్రేము నేలకు జానెడెత్తులోనే ఉంటే వారంలో మళ్ళీ నాకు ఉత్తరం రాస్తారు. ఫ్రేము కింద స్టాండ్లు వేసి ఎత్తు పెంచి, మీరు కుర్చీలో కూర్చోండి. లైటు తల వెనక నుంచి కాక పక్క నుంచి పడేలా పెట్టండి, నీడలో పనిచేస్తే మనిషి తెలీకుండానే ఇంకా వంగుతుంది. గంటకోసారి లేవమంటే సీజన్లో ఎవరూ లేవరని నాకూ తెలుసు. అందుకే ఒక్కో పువ్వు పూర్తవగానే సూది కింద పెట్టి, భుజాలు చెవుల దాకా ఎత్తి ధబీమని వదలండి. అరగడియ కూడా పట్టదు.

చివరగా ఆ మాత్ర. అసలు భయపెట్టేది అదే. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావడం మొదలవుతుంది. పొద్దున లేవగానే నొప్పి, మాత్ర వేస్తే తగ్గడం, మర్నాడు మళ్ళీ మొదలు. మీరు రాసింది చూస్తే ఆ వలయంలో పడ్డారనే అనిపిస్తోంది. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, న్యూరాలజీ డాక్టరుకో, మెడిసిన్ డాక్టరుకో చూపించి ఆపే పద్ధతి అడగండి. కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్ళినా సరే. ఏం మాత్ర, నెలకెన్ని అన్నది కాగితం మీద రాసుకుని వెళ్ళండి. సిగ్గుపడి తగ్గించి చెప్పకండి.

మా ఊళ్ళో ఒకాయన మోచేత్తో ముడులు పగలగొడతాడు. ప్రాణం పోయినంత పనవుతుంది గానీ రెండు రోజులు హాయిగా ఉంటుంది. గట్టిగా నొక్కితేనే కదా పనిచేసేది? – జమ్మలమడుగు

కాదు. ముడి పగిలే వస్తువు కాదు, పగలగొట్టడానికి. అంత గట్టిగా నొక్కితే ఒళ్ళు తనను తాను కాపాడుకోవడానికి ఇంకా బిగుసుకుంటుంది, కండ కమిలిపోతుంది. ఆ హాయికి కారణం, ఒక పెద్ద నొప్పి ముందు చిన్న నొప్పి మెదడుకు ఆనకపోవడం కావచ్చు. చోటు సరిగ్గా దొరికితే బొటనవేలితో సగం బలం చాలు, దొరకకపోతే మోచెయ్యి కాదు కదా రోకలి పెట్టినా పోదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళూ, ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళూ అలాంటి వాళ్ళ జోలికే వెళ్ళొద్దు.

మేడమ్, నేను అనంతపురంలో బీఎస్సీ చదువుతున్నా. మా అమ్మను ఫిజియోథెరపీకి తీసుకెళ్తే మెడలో ట్రిగర్ పాయింట్లున్నాయని చేత్తో నొక్కారు. ఎక్స్‌రేలో కనపడవు, రక్త పరీక్షలో తెలియవు. నిజంగా ఉన్నాయా, లేక నాటువైద్యానికి ఇంగ్లిష్ పేరు పెట్టారా? సూదులతో కూడా చేస్తామన్నారు, అది ఆక్యుపంక్చరేనా?

ఇలా అడిగేవాళ్ళంటే నాకు ఇష్టం. వరసగా చెప్తాను.

1938లో లండన్‌లో జాన్ కెల్‌గ్రెన్ అనే డాక్టరు ఆరోగ్యంగా ఉన్న మనుషుల కండల్లోకి గాఢమైన ఉప్పునీళ్ళు ఎక్కించి, నొప్పి ఎక్కడ తెలుస్తోందని అడిగాడు. సూది ఒక చోట, నొప్పి ఇంకో చోట. ఏ కండలో వేస్తే ఎక్కడ తెలుస్తుందో దానికి ఒక పద్ధతి ఉందని కూడా తేలింది. కాబట్టి కండ నొప్పి దూరంగా తెలియడం అనేది కట్టుకథ కాదు. తర్వాత అమెరికాలో జానెట్ ట్రావెల్ అనే డాక్టరమ్మ జీవితమంతా దీని మీదే పనిచేసింది. నడుం నొప్పితో లేవలేకపోతున్న జాన్ కెన్నెడీకి వైద్యం చేసి, ఆయన 1961లో ప్రెసిడెంటయ్యాక వైట్‌హౌస్ డాక్టరయింది. ఆ పదవిలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే. ఆమె, డేవిడ్ సైమన్స్ కలిసి కండకో బొమ్మ చొప్పున వేసిన నొప్పి పటాలనే మేం ఇప్పటికీ గోడకు తగిలించుకుంటున్నాం.

ఇంతవరకూ ఒక వైపు. రెండో వైపు ఏంటంటే, ముడి లోపల అసలు ఏం జరుగుతోందన్నది ఇంకా తేలలేదు. నరం కండను కలిసే చోట రసాయనం ఎక్కువై ఆ కాస్త పోగు ముడుచుకుపోతుందని, దాంతో అక్కడ రక్తం ఆడక, శక్తి చాలక నొప్పి పదార్థాలు పేరుకుంటాయని ఒక వాదం. 2015లో కొందరు డాక్టర్లు ఒక రుమటాలజీ పత్రికలో ఈ సిద్ధాంతమే నిలబడదు, నొప్పి మూలం కండలో కాదు నరాల్లో వెతకండి అని గట్టిగా రాశారు. ఒకే మనిషిని ఇద్దరు ఫిజియోలు తడిమితే ఇద్దరూ ఒకే చోట వేలు పెడతారన్న నమ్మకం లేదు, ఇది మా వృత్తిలో అందరికీ తెలిసిన ఇబ్బందే. నొక్కడం వల్ల మెడ నొప్పి, బిగుతు తలనొప్పి కొన్నాళ్ళు తగ్గుతాయని చూపిన పరిశోధనలున్నాయి. అవి చాలావరకు చిన్నవి, నెలల తరబడి ఏమైందో చూసినవి తక్కువ.

మరి నువ్వెందుకు చేస్తున్నావంటే, నొక్కితే మనిషికి తన పాత నొప్పి అచ్చంగా అక్కడే తెలియడం, నొక్కు వదిలాక మెడ ముందుకన్నా ఎక్కువ తిరగడం నా ముందే జరుగుతాయి కాబట్టి. వివరణ రేపు మారొచ్చు. అమ్మగారి విషయంలో చూడాల్సింది ఒకటే, నాలుగైదు విడతలయ్యాక కూడా మార్పు లేకపోతే అదే నొక్కుడు కొనసాగించే వాళ్ళను వదిలేయండి. ఇంట్లో చేసుకునే వ్యాయామం నేర్పకుండా "రోజూ రండి" అనేవాళ్ళను ముందే వదిలేయండి.

సూదుల సంగతి. ఆక్యుపంక్చర్‌లో వాడే లాంటి సన్నని సూదే, కానీ చైనా వాళ్ళ పాత పటాల ప్రకారం కాకుండా నేరుగా ముడిలోకే గుచ్చుతారు, సరిగ్గా తగిలితే కండ ఒక్కసారి అదురుతుంది. ముడిలోకి ఆ చోటు మొద్దుబారే మందు ఎక్కించే పద్ధతి కూడా ఉంది, అది డాక్టర్ల పని. మందు లేకుండా ఒట్టి సూది గుచ్చినా ఫలితం వస్తోందని చెక్ దేశపు డాక్టరు కారెల్ లెవిట్ 1979లోనే రాశాడు. అయితే భుజం, మెడ కలిసే చోట కిందే ఊపిరితిత్తి పైకొస ఉంటుంది, చేతకాని వాళ్ళు గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది. గుచ్చేవాళ్ళు ఎక్కడ నేర్చుకున్నారో అడగండి. అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ళ దగ్గర అసలే వద్దు.

ప్రొద్దుటూరులో బంగారం పని చేస్తాను. ఎడమ పక్క పై దవడ పన్ను నొప్పి. ఒక పంటికి రూట్ కెనాల్ చేశారు, తగ్గలేదు, పక్క పంటికీ చేశారు. ఇప్పుడు ఇంకో డాక్టరు పళ్ళన్నీ బాగానే ఉన్నాయంటున్నారు. పీకించేయమంటారా?

ఆగండన్నా, ఆ పని మాత్రం చేయకండి. పళ్ళు బాగున్నాయని చెప్పిన ఆ డాక్టరు మంచివాడు.

అరచెయ్యి చెంప మీద పెట్టి పళ్ళు గట్టిగా బిగించండి. దవడ మూల దగ్గర ఉబ్బే కండ ఒకటి, కణత మీద కదిలే కండ ఇంకొకటి. వీటిలో ముడులుంటే నొప్పి పళ్ళలో తెలుస్తుంది, దవడ కండది దవడ పళ్ళలోకి, కణత కండది పై వరస పళ్ళలోకి. ఒక్కోసారి చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనడం కూడా ఉంటుంది, అందుకే మంచి డెంటిస్టులు కూడా పొరపాటు పడతారు. రాళ్ళు పొదిగేటప్పుడు మీరు పళ్ళు బిగిస్తారా అని మీ పక్కన కూర్చునే వాళ్ళను అడగండి, మీకు తెలీదు. చిన్న రాయిని గూట్లో కూర్చోబెడుతున్నప్పుడు ఊపిరీ, దవడా రెండూ బిగబట్టని కంసాలిని నేను చూళ్ళేదు.

చేతులు శుభ్రంగా కడుక్కుని, ఎడమ దవడకు కుడి చేతి బొటనవేలు బుగ్గ లోపలికి పోనిచ్చి, వేళ్ళు బయట పెట్టి కండను మధ్యలో పట్టుకోండి. నోరు కాస్త తెరిచి, వదులుగా. ముడి తగిలిన చోట మెల్లగా నిమిషం. కణత మీదైతే రెండు వేళ్ళతో అదిమి పట్టి, నోరు మెల్లగా తెరిచి మూయండి. పగలంతా గుర్తు పెట్టుకోవాల్సింది, పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి, నాలుక అంగిలికి ఆని ఉండాలి. నమలడానికి, మింగడానికి తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ కలవాల్సిన పనే లేదు. వక్కపొడి మానండి, గట్టి వక్కను రోజంతా నమిలితే ఏ కండైనా మొరాయిస్తుంది.

వక్క సంగతి ఎత్తాను కాబట్టి వక్క, గుట్కా నమిలేవాళ్ళందరికీ ఒక పరీక్ష. మూడు వేళ్ళు నిలువుగా పేర్చి నోట్లో పెట్టండి. పట్టకపోతే, పైగా కారం తగిలితే నోరు మండుతుంటే, అది కండ ముడి కాకపోవచ్చు, బుగ్గ లోపలి పొర గట్టిపడుతున్నట్టు కావచ్చు. అది క్యాన్సర్‌కు దారి తీసే జబ్బు. నొక్కుకుంటూ కూర్చోకుండా డెంటల్ డాక్టరుకు చూపించండి.

గుంతకల్లు. కటింగ్‌కి వెళ్ళినప్పుడల్లా తల మాలిష్ చేసి మెడ అటోసారి ఇటోసారి 'టక్'మనిపించడం నాకు అలవాటు. మా బావ వద్దంటున్నాడు. ఇన్నేళ్ళుగా ఏమీ కాలేదు కదా?

మీ బావ మాట వినండి. మాలిష్ తప్పు కాదు, నూనె పెట్టి తల, మెడ, భుజాలు పిసికితే నాకూ నిద్రొస్తుంది. తప్పు ఆ ఆఖరి విరుపు.

మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే రెండు నాళాలు మెడ ఎముకల్లోని చిన్న చిన్న రంధ్రాల గుండా పైకి వెళ్ళి, పై ఎముక దగ్గర మెలిక తిరిగి పుర్రెలోకి దూరతాయి. తలను ఒక్క ఉదుటున తిప్పితే ఆ మెలిక దగ్గరో, మెడ ముందున్న పెద్ద నాళంలోనో లోపలి పొర చీలొచ్చు. చీలిన చోట రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. అరుదే, ఒప్పుకుంటాను. కానీ 2024లో మన పక్కనే ఉన్న బళ్ళారికి చెందిన ఒక ముప్పై ఏళ్ళ కుర్రాడికి బెంగళూరులో సెలూన్‌లో మెడ తిప్పాక సరిగ్గా ఇదే జరిగిందని పేపర్లన్నీ రాశాయి. షాంపూ వాష్ కోసం మెడను సింక్ అంచు మీద వెనక్కి వాల్చి ఎక్కువసేపు ఉంచినా ఇలా జరగొచ్చని 1993 నుంచే వైద్య పత్రికల్లో ఉంది, దానికి బ్యూటీ పార్లర్ స్ట్రోక్ అని పేరు కూడా పెట్టారు. కాబట్టి ఆడవాళ్ళు మెడ కింద మడిచిన టవల్ వేయించుకోండి.

ఆ టక్ శబ్దం ఎముక సర్దుకోవడం కాదు, కీలులో గ్యాస్ బుడగ చేసే చప్పుడు. హాయిగా ఉంటుంది, నిజమే, కానీ ముడిని అది తీయదు. కుర్చీలో కూర్చోగానే "అన్నా, మాలిష్ చెయ్, మెడ మాత్రం తిప్పొద్దు" అని ముందే చెప్పేయండి, మాలిష్ మధ్యలో మత్తుగా ఉన్నప్పుడు చెప్పలేరు. ఎప్పుడైనా మెడ తిప్పించుకున్నాక ఎన్నడూ లేని నొప్పి మెడకు ఒక పక్క మొదలైనా, చూపు రెండుగా కనిపించినా, మాట ముద్దగా వచ్చినా, మూతి వంకర పోయినా, నడక తూలినా సాయంత్రం దాకా చూద్దాం అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే మందు పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లోనే.

కడపలో టీచర్‌ని. మెడ పక్క కండలో ముడి ఉంటే కళ్ళు తిరుగుతాయా?

తిరగొచ్చు. చెవి వెనక ఎముక నుంచి గొంతు గుంట దాకా ఏటవాలుగా దిగే కండ ఉంది, తల ఒక పక్కకు తిప్పితే రెండో పక్క పొడుచుకొస్తుంది. దాని ముడులు నుదుటి నొప్పి, చెవిలో నొప్పి, తూలినట్టు ఉండడం వంటివి తెస్తాయి. కానీ టీచరుగారూ, కళ్ళు తిరగడానికి ఇది ఆఖరున అనుమానించాల్సిన కారణం. ముందు బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. మంచం మీద పక్కకు తిరిగినప్పుడు గది గిర్రున తిరిగి కొన్ని క్షణాల్లో ఆగిపోతుంటే అది లోపలి చెవి సమస్య, ఈఎన్‌టీ డాక్టరు తలను ఒక పద్ధతిలో తిప్పి అప్పటికప్పుడే చాలావరకు తగ్గిస్తారు. ఈ కండను ఎప్పుడూ వేలితో లోపలికి గుచ్చి నొక్కకండి, దాని కిందే మెదడుకు వెళ్ళే పెద్ద రక్తనాళం ఉంది. రెండు వేళ్ళతో పైకి గిల్లినట్టు పట్టుకోవాలి, వేలికి నాడి కొట్టుకున్నట్టు తగిలితే వెంటనే వదిలేయాలి. రెండు పక్కలా ఒకేసారి అసలు పట్టుకోకూడదు. మొదటిసారి ఎవరైనా ఫిజియోతో చేయించుకుని చూసి నేర్చుకుంటే మేలు.

మా అమ్మకు 62 ఏళ్ళు. ఎప్పుడూ తలనొప్పి ఎరగదు, రెండు వారాలుగా కణతల్లో నొప్పి. దువ్వెన తగిలినా మాడు నొప్పంటుంది, అన్నం నమిలేసరికి దవడ అలిసిపోయి మధ్యలో ఆపేస్తుంది. మొన్న ఒక కన్ను కాసేపు మసకబారింది. మీరు చెప్పే మసాజ్ ఎలా చేయాలి?

చేయకూడదు. ఈ ప్రశ్న వచ్చిన రోజే పంపినవారికి ఫోన్ చేసి చెప్పాం, మిగతావాళ్ళ కోసం వేస్తున్నాను. 50 దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, దాంతో పాటు నమిలేటప్పుడు దవడ నొప్పి, తల తాకితే నొప్పి, చూపు మసకబారడం ఉంటే కణతలోని రక్తనాళం వాచి ఉండొచ్చు. మన దగ్గర తక్కువగా కనిపిస్తుంది గానీ కనిపిస్తే మాత్రం గంటల్లో లెక్క, ఆలస్యం చేస్తే కన్ను పోతుంది, పోయిన చూపు తిరిగి రాదు. ఒంట్లో వాపును తెలిపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్త పరీక్షలు చేసి వెంటనే స్టెరాయిడ్ మొదలుపెడతారు. రాత్రయినా సరే కర్నూలు పెద్దాసుపత్రికో, కడప రిమ్స్‌కో, మీకు ఏది దగ్గరైతే అక్కడికి వెళ్ళాలి.

ఇలాగే చెయ్యి పెట్టకూడనివి ఇంకొన్ని. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చిన తలనొప్పి, జ్వరంతో మెడ వంగకపోవడం, తలకు దెబ్బ తగిలాక మొదలైనది, రోజురోజుకూ పెరుగుతూ వాంతులతో ఉన్నది, ఇంతకుముందు క్యాన్సర్ ఉన్నవాళ్ళకు కొత్తగా వచ్చినది.

కర్నూలు మార్కెట్ యార్డులో హమాలీని. ఉల్లిగడ్డ మూటలు మోస్తా. నిన్న పొద్దున లేచేసరికి మెడ పట్టేసింది, ఎడమకు అసలు తిరగడం లేదు. మా ఇంట్లోవాళ్ళు దిండు ఎండలో వేశారు. పనికి పోవాలా వద్దా?

దిండు ఎండలో వేయడం దిండుకు మంచిదే, ఉండనీయండి. మీ మెడ సంగతి చూద్దాం. తల తిప్పకుండా మనిషంతా తిరిగి చూస్తున్నారు కదా, ఇలా పట్టేసినప్పుడు ఎక్కువసార్లు దొరికే దొంగ రెక్క ఎముక పైమూల నుంచి మెడలోకి ఎక్కే కండ. మూట ఎప్పుడూ ఒకే భుజం మీద వేసుకుంటే, ఆ పైన రాత్రి ఫ్యాన్ కింద బోర్లా పడుకుని మెడ ఒక పక్కకు తిప్పి నిద్రపోతే తెల్లారేసరికి ఇలా అవుతుంది.

కాపడం పెట్టి, గోడకు ఆనుకుని, రెక్క పైమూలకూ గోడకూ మధ్య పిల్లలాడుకునే రబ్బరు బంతి పెట్టుకోండి. ఒంటి బరువు మెల్లగా దాని మీద వేసి, నొప్పి దొరికిన చోట నిమిషం ఆగండి. తర్వాత గడ్డం ఎడమ చంక వైపు దించి వెనక సాగదీయండి, కుడి చంక వైపు కూడా. తిరగని వైపు బలవంతంగా తిప్పకండి, తిరిగినంత మేరకే గంటకు నాలుగుసార్లు తిప్పుతుండండి, పట్టీ వేసుకుని కదలకుండా పడుకుంటే ఆలస్యంగా తగ్గుతుంది. మామూలుగా వారంలోపు సర్దుకుంటుంది. మూటలు మాత్రం మెడ సగానికి పైగా తిరిగేదాకా వద్దు, మేస్త్రీతో మాట్లాడి ఆ నాలుగు రోజులు గ్రేడింగ్ పనో, కాటా దగ్గరో అడగండి. మళ్ళీ మోయడం మొదలుపెట్టాక భుజం మార్చి మార్చి వేసుకోండి. చెయ్యి తిమ్మిరెక్కినా, పట్టు జారుతున్నా, నొప్పి మోచెయ్యి దాటి వేళ్ళ దాకా వెళ్ళినా అది కండ పని కాకపోవచ్చు, నరం నొక్కుకుంటోందేమో డాక్టరు చూడాలి. అప్పుడు బంతి పక్కన పెట్టి ఎముకల ఓపీకి వెళ్ళండి.